మీట దించిన చెయ్యి

రేడియో స్టేషన్ మేనేజరు మెట్లు దిగి వెళ్లిపోయాక వదిన తలుపు గడియ వేసి, ఆ తలుపుకే వీపు ఆనించి నిలబడిపోయింది. క్రిందటి వారం మనం ఆమెను అక్కడే వదిలి వచ్చాం. "మీరు విచారణకి రానక్కర్లేదమ్మా, మాకు కావలసిన సాక్షి దొరికేసింది" అని ఆయన చెప్పి వెళ్లాడు. ఆ మాటకు ఆమె గుండె తేలికపడాలి. పడలేదు. ఆ సాక్షి ఎవరో ఆయన చెప్పలేదు, ఆమె అడగలేదు. అడగకుండా ఊరుకోవడం ఈ ఏడాదిలో ఊరందరికీ అలవాటైపోయింది.

కొత్తగా మనతో కలిసినవాళ్ల కోసం కొంచెం వెనక్కి వెళదాం. ఊరందరికీ ఆమె వదిన. రేడియో వదిన. పొద్దున్నే వచ్చే 'నోటిమాట' ఆమెదే. ఎవరైనా ఫోను చేసి ఏదైనా చెప్పుకోవచ్చు. కాలువ పొంగిందని చెప్పొచ్చు, కౌన్సిలరు కనపడటం లేదని చెప్పొచ్చు, అల్లుడు పలకడం లేదని కూడా చెప్పొచ్చు. దానికి ఒకే ఒక్క కట్టుబాటు ఉంది. మాట్లాడేవాళ్లు తమంతట తాము "అంతే" అనేదాకా వదిన లైను కోయకూడదు. ఒక పెద్దాయన పక్కింటి కోడిపుంజు మీద మొదలుపెట్టి కార్యక్రమం అంతా లాగించేసినా కోయలేదు. మునిసిపల్ ఛైర్మన్ని ఎవరో నోటికొచ్చినట్టు తిట్టినప్పుడు, ఆయనే స్టేషన్‌కి వచ్చి నిలబడ్డా కోయలేదు. "మన ఊళ్లో ఇంకేదీ పనిచెయ్యకపోయినా ఇదొకటి పనిచేస్తుంది" అనేవాళ్లు జనం.

తర్వాత సరిహద్దులో గొడవలు మొదలయ్యాయి. అత్యవసర ఆజ్ఞ వచ్చింది. సభలు ఆగాయి, మునిసిపల్ ఎన్నికలు ఆగాయి, 'నోరు అదుపులో ఉంటే దేశం గట్టిగా ఉంటుంది' అని గోడల మీద రాతలు వెలిశాయి. నోటిమాటను మాత్రం ఉంచారు. అయితే భయం పుట్టించే మాట ఏదీ గాలిలోకి పోకూడదన్నారు. ఆ తర్వాత తుఫాను వచ్చింది. నది పొంగి ఊళ్లోకి వచ్చింది. తలదాచుకోమని సర్కారు చూపించిన పాత గిడ్డంగిలోకి వెళ్లినవాళ్లు బయటికి రాలేదు. వాళ్లలో వదిన అత్తగారు కూడా ఉంది. ఆ చావుల మీదే ఇప్పుడు విచారణ.

అదీ సంగతి. ఇప్పుడు తలుపు ఎవరో తట్టారు.

"అక్కా, నేనే."

తోటికోడలి గొంతు. మరిది భార్య. మార్కెట్ వెనక సందులో దర్జీ కొట్టు నడుపుతుంది. వదిన గడియ తీసే లోపలే కొంగుతో ముఖం తుడుచుకుంది.

తోటికోడలు లోపలికి వచ్చి చెప్పులు విప్పి, ఎప్పటిలా వంటింట్లోకి నడిచింది. తనే బిందెలో నీళ్లు ముంచుకుని తాగింది. ఆమె మెడలో కొలతల టేపు ఇంకా వేళ్లాడుతూనే ఉంది. తీయడం మర్చిపోయినట్టుంది.

"ఆ టేపేంటే, దండ వేసుకున్నట్టు?" అంది వదిన. నవ్వడానికి చేసిన ప్రయత్నం.

తోటికోడలు మెడ తడుముకుని చూసుకుంది. "అయ్యో రాత! దీంతోనేనా అక్కడ నిలబడి ప్రమాణం చేశాను? జడ్జిగారు తన కొలతలు తీసుకుంటానేమో అనుకుని ఉంటాడు."

"ఎక్కడ నిలబడ్డావ్?"

"విచారణలో. మీకు తెలీదా? మేనేజరు గారు చెప్పలేదా? నేనే కదా సాక్షిని."

వదిన పొయ్యి దగ్గరికి తిరిగింది. టీకి నీళ్లు పెట్టింది. స్టవ్ వెలిగించడానికి అగ్గిపుల్ల మీద పుల్ల గీసింది. ఏదీ అంటుకోలేదు. తోటికోడలు వచ్చి అగ్గిపెట్టె తీసుకుని ఒక్క గీతలో వెలిగించింది.

"కూర్చోండి అక్కా. మీకు ఒంట్లో బాగోలేదు. అత్తయ్య పోయినప్పటినుంచి మీరు సగం అయిపోయారు."

"ఏం చెప్పావక్కడ?"

"ఉన్నదే చెప్పాను." ఆమె నేల మీదే చతికిలబడి గోడకి ఆనుకుంది. "తుఫాను రోజు పొద్దున నేను నోటిమాటకి ఫోను చేశానని. గిడ్డంగి వెనక గుమ్మం ఎండాకాలంలోనే ఇటుకలు పెట్టి మూసేశారని, మా సందులోంచి చూశాను కదా, అదే చెప్పానని. ఇక మిగిలింది నదివైపు గుమ్మం ఒక్కటే, నీళ్లు దాన్లోంచే వస్తాయి, అక్కడికి పోకండి బాబూ, కాలేజీ గుట్ట మీదికి పొండి అని చెప్పానని. రేడియోలో చెప్పావా అన్నారు. చెప్పాను అన్నాను. పూర్తిగా చెప్పావా అన్నారు. పూర్తిగా చెప్పి 'అంతే' అన్నదాకా వదిన విన్నది అన్నాను."

టీ నీళ్లు మరుగుతున్నాయి. వదిన వాటినే చూస్తోంది.

"నేను వచ్చింది అందుక్కాదక్కా. ఒకటి అడగాలి. మీరు మొహమాటపడకుండా చెప్పాలి."

"అడుగు."

"నేను సరిగ్గా చెప్పలేకపోయానా?"

వదిన తిరిగి చూసింది.

"మీరు ఇన్నేళ్లుగా వింటున్నారు, మనుషులు ఎలా చెబితే ఊరు వింటుందో మీకు తెలుసు. నాకు తెలీదు. నేను గబగబా మాట్లాడతాను. మా ఆయన కూడా అంటాడు, నీది మాట కాదు మిషను అని. భయంలో ఇంకా గబగబా వాగి ఉంటాను. ముందు కాలేజీ గుట్ట అని చెప్పి తర్వాత గిడ్డంగి సంగతి చెప్పాలేమో. నేను తిరగేసి చెప్పాను. అందుకే ఎవరూ..." ఆమె ఆగింది. "అత్తయ్య కూడా వినలేదే అక్కా. రోజూ రేడియో పక్కన పెట్టుకుని కూర్చునే మనిషి. నా గొంతు గుర్తుపట్టదా? నేను వద్దంటున్న చోటికే నడిచి వెళ్లిందంటే, నేను ఎంత చచ్చుగా చెప్పి ఉంటాను! నెల దాటింది. బట్ట మీద కత్తెర పెట్టినప్పుడల్లా అదే ఆలోచన. ఇలా చెప్పి ఉంటే, అలా చెప్పి ఉంటే."

వదిన కూడా నేల మీద కూర్చుంది. ఈ నెలంతా ఆమె తన తప్పును ఒక్కతే మోస్తున్నాననుకుంది. కాదు. దాన్ని ఈ పిల్ల నెత్తిన పెట్టి, తను పక్కన నడుస్తోంది.

"నువ్వు బాగానే చెప్పావ్," అంది.

"ఊరికే నా మనసు కోసం అనకండి."

"బాగా చెప్పావ్. అంత బాగా ఆ కార్యక్రమంలో ఎవరూ ఎప్పుడూ చెప్పలేదు."

"మరి ఊరెందుకు వినలేదు?"

"ఊరికి వినపడలేదు."

తోటికోడలి ముఖంలో ఏమీ మారలేదు. అర్థం కాలేదు. "కరెంటు పోయిందనా? అందరూ అదే అంటున్నారు. ఎవరు కనపడినా, నేను చెప్పాను కదండీ అంటే తల దించుకుంటారు. ఆ వేళకి కరెంటు లేదేమోనమ్మా, నేను నిద్రలో ఉన్నానేమోనమ్మా, పిల్లాడు ఏడుస్తున్నాడేమోనమ్మా. ఊరంతా ఒకటే ఏడుపు, మేము వినలేదు, మేము వినలేదు అని."

"కరెంటు ఉంది. నువ్వు మాట్లాడుతున్నంతసేపూ ఉంది." వదిన తన కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకుంది. "నా ముందు ఒక మీట ఉంటుంది. అది పైకి ఉంటే నీ మాట ఊళ్లోకి పోతుంది. కిందికి దించితే నా చెవికి మాత్రమే వినపడుతుంది. నువ్వు గిడ్డంగి అనగానే నేను దాన్ని దించేశాను."

పొయ్యి మీద నీళ్లు పొంగి మంట మీద పడ్డాయి. ఎవరూ లేవలేదు.

"దించేసి?"

"పాట వేశాను."

"నేను మాట్లాడుతూనే ఉన్నాను కదా."

"అవును."

"మీరు ఊఁ కొడుతూనే ఉన్నారు కదా. ఊఁ, చెప్పమ్మా, ఊఁ, చెప్పమ్మా."

వదిన తల దించుకుంది.

"మరి కోసెయ్యొచ్చు కదా!"

"ఎప్పుడూ ఎవరిదీ కోయలేదు. నీది కోయడానికి మనసొప్పలేదు. మధ్యలో కోసేస్తే నువ్వు బాధపడతావని..."

తోటికోడలు నవ్వింది. చిన్నగా కాదు, పక్కింటివాళ్లకు వినపడేలా నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ మెడలోని టేపు లాగి నేలకేసి కొట్టింది.

"నేను బాధపడతానని! నీ మర్యాద మండిపోనూ! కోసేసి ఉంటే నాకు తెలిసేది కదక్కా. లైను పోయిందని తెలిసేది. చెప్పులు కూడా వేసుకోకుండా వీధిలోకి పరిగెత్తేదాన్ని. తలుపు తలుపూ బాదేదాన్ని. మొట్టమొదట అత్తయ్య దగ్గరికే పోయేదాన్ని, అవునా? నేనేం చేశానో తెలుసా? ఫోను పెట్టేసి, అమ్మయ్య, ఊరందరికీ చెప్పేశాను అనుకుని, కొట్టుకి పోయి మిషన్లు అటక మీదికి ఎక్కించుకున్నాను. తీరిగ్గా! దారపు బాబిన్లు కూడా ఏరుకున్నాను!"

ఇన్నేళ్లలో ఆమె వదినను 'నువ్వు' అనడం ఇదే మొదలు. ఇద్దరూ అది గమనించారు. ఇద్దరూ దాన్ని సరిచేయలేదు.

"ఏ పాట?" అంది తోటికోడలు.

"ఏంటి?"

"నేను పోకండి బాబూ, పోకండి అని అరుస్తుంటే ఊరికి ఏ పాట వినపడిందీ అని."

"ఏదో పెళ్లిపాట. చేతికి అదే దొరికింది."

"పెళ్లిపాట." ఆ మాటను ఆమె నోట్లో పెట్టుకుని చూసినట్టు అంది. "ఆ తర్వాత నువ్వేం చదివావ్?"

వదిన చెప్పనవసరం లేదు. పాట అయ్యాక, సర్కారు పంపిన ప్రకటన ఆమె తన చల్లటి గొంతుతో చదివింది. పల్లపు వీధులవాళ్లు గిడ్డంగికి వెళ్లండి, కంగారు పడకండి అని. అత్తగారు రేడియో కట్టేసి, చేతికర్ర తీసుకుని బయలుదేరుతూ పక్కింటామెతో అన్న మాట తర్వాత అందరికీ తెలిసింది. "మా పెద్దకోడలే చెప్పిందిగా, పదండి" అందట.

"అవతలి ఒడ్డు ఊళ్లో అందరూ బతికారు," అంది తోటికోడలు. గొంతు ఇప్పుడు చాలా నెమ్మదిగా ఉంది. "అదే నది. అదే తుఫాను. వాళ్ల అధికారి కూడా ఇలాంటి కొంపలోకే పొమ్మన్నాడట. అక్కడి కౌన్సిలు ఆజ్ఞ వచ్చినా వీధి సభ ఆపలేదు కదా. చౌరస్తాలో జనం ఆయన్ని చుట్టుకుని కొట్టుకున్నంత పని చేశారట. ఆయన విసుక్కుని, సరే మీ చావు మీరు చావండి, ఎక్కడికి పోతారో పొండి అన్నాడట. గుట్టెక్కారు. అంతా అరుపులూ గోలానూ. అందరూ బతికే ఉన్నారు. మనం మాత్రం ఎంత బుద్ధిగా ఉన్నామో!"

వదిన లేచి స్టవ్ ఆర్పింది. "నన్ను ఏం చెయ్యమంటావో చెప్పు. చేస్తాను."

"చెయ్యడానికి నా చేతిలో ఏముంది? ప్రమాణం చేసి వచ్చాను." అప్పుడే ఆమెకు తను చేసిన పని పూర్తిగా తట్టింది. "అక్కా, నేను చెప్పింది విని జడ్జిగారు ఏమన్నాడో తెలుసా? సర్కారు ఆపలేదు, రేడియో చెప్పింది, జనమే వినలేదు అని రాయించాడు. చెప్పినా వినని జనాన్ని అడిగి చేసేదేముంది అన్నాడు. ఆ ఆజ్ఞని ఇంకో ఏడాది పొడిగించాలని పైకి రాస్తారట. సభల్లేవు, ఎన్నికల్లేవు. నోటిమాట కూడా ఉండదట. ఇవాళ భోజనాల తర్వాత టేపు వినిపించి విచారణ ముగించేస్తారట."

"ఏ టేపు?"

"నా ఫోను. స్టేషన్లో రికార్డయిందట కదా. మేనేజరు గారు పట్టుకొచ్చాడు."

మీట దించినా రికార్డు ఆగదు. అది వదినకు తెలుసు. ఆ టేపులో తోటికోడలి మాట మొదటినుంచి చివరిదాకా ఉంటుంది. ఊఁ కొట్టిన తన గొంతూ ఉంటుంది. పెళ్లిపాట మాత్రం ఉండదు.

"పద," అంది.

విచారణ సినిమా హాల్లో జరుగుతోంది. టౌన్ హాలు ఇంకా బురదలోనే ఉంది. తెల్లటి తెర ముందు బల్ల వేసుకుని జడ్జిగారు కూర్చున్నారు. టిక్కెట్లు చింపే తలుపు దగ్గర పోలీసు నిలబడ్డాడు. వాళ్లిద్దరూ లోపలికి అడుగు పెట్టేసరికి హాల్లోని స్పీకర్లలోంచి తోటికోడలి గొంతు వినపడుతోంది. సినిమాకి కట్టిన స్పీకర్లు. ఆమె మాట నాలుగు గోడల్లోంచీ వచ్చి మీద పడుతోంది.

"...ఇటుకలు పెట్టి కట్టేశారండీ, నా కళ్లతో చూశాను. పిల్లల్ని తీసుకుపోకండి. ముసలివాళ్లని తీసుకుపోకండి. గుట్ట మీదికి పొండి..."

"ఊఁ, చెప్పమ్మా" అంటోంది వదిన గొంతు, తేనె పూసినట్టు.

జనం ఏడుస్తున్నారు. చివరి వరుసలో ఒక ముసలాయన రెండు చేతుల్తో తల పట్టుకుని, "ఇంత గట్టిగా చెప్పిందా! నేనెలా వినలేదు? నేనెక్కడ చచ్చాను?" అని తనలో తనే అంటున్నాడు. ఆయన పక్కన ఒకామె కొంగు నోట్లో కుక్కుకుంది. ముందు వరుసలో వదిన భర్త కూర్చున్నాడు. అమ్మ పోయినప్పటినుంచి ఆయన ఇంట్లో రేడియో పెట్టనివ్వలేదు. ఆయనా తల దించుకునే ఉన్నాడు. ఆ వేళ తను నిద్రపోయానని ఆయన బాధ. భార్యకు ఎన్నిసార్లో చెప్పుకున్నాడు. ఆమె ఆయన వీపు నిమిరింది గానీ ఒక్కసారి కూడా నోరు తెరవలేదు.

టేపు చివరికి వచ్చింది. "అంతేనండీ" అంది తోటికోడలు. ఆ తర్వాత వదిన గొంతు, ఏ మాత్రం తడబడకుండా: "మంచిదమ్మా. నీ మాట ఊరంతా విన్నది."

తోటికోడలు పక్కకు తిరిగి వదిన వైపు చూసింది. ఇంట్లో అన్నీ చెప్పిన వదిన ఈ ఒక్కటీ చెప్పలేదు. ఆమె అప్పటిదాకా పట్టుకున్న వదిన చేతిని వదిలేసి, ఒక అడుగు పక్కకు జరిగి నిలబడింది.

"ఊరు వినలేదండీ," అంది వదిన.

ఎవరికీ అర్థం కాలేదు. ఆమె నడవలోంచి ముందుకు నడిచింది. ఆ గొంతు అందరికీ తెలుసు కాబట్టి తలలు వాటంతట అవే తిరిగాయి. మేనేజరు లేచి, "అమ్మా, మిమ్మల్ని రానక్కర్లేదన్నాను కదా" అన్నాడు. ఆమె ఆయన్ని దాటిపోయి జడ్జిగారి బల్ల ముందు మైకు దగ్గర ఆగింది. మీట సంగతి చెప్పింది. పాట సంగతి చెప్పింది. ఈ టేపులో ఉన్నది తన చెవికి తప్ప ఎవరి చెవికీ చేరలేదని చెప్పింది. ఏడ్చేవాళ్లు ఏడుపు ఆపారు. ముసలాయన తల మీంచి చేతులు తీశాడు. అప్పటిదాకా ఒక్కొక్కరూ తమ మీద వేసుకున్న తప్పు హాల్లోంచి లేచి వచ్చి తన మీద వాలడం వదినకు ఒంటి మీద తెలిసింది. భర్త ముఖం వైపు ఆమె చూడలేదు.

"పేరు చెప్పు వదినా!" ఎవరో అరిచారు. "ఎవడు దించమన్నాడు? పేరు చెప్పు!"

ఆ కేక హాలంతా పాకింది. జడ్జిగారు బల్ల చరిచారు. నిశ్శబ్దం అయ్యాక ఆయనే అడిగారు. "ఆ మీట దించమని మీకు ఎవరు చెప్పారు?"

మేనేజరు నుదుటి మీద చెమట తుడుచుకుంటున్నాడు. ఆయన పేరు చెబితే చాలు. జనం నమ్ముతారు. భర్త కూడా నమ్ముతాడేమో. మేనేజరు జాగ్రత్త, జాగ్రత్త అని నెలల తరబడి చెబుతూనే ఉన్నాడు, అదీ నిజమే. కానీ ఆ పొద్దున ఆయన స్టేషన్‌లోనే లేడు. ఫోనూ చేయలేదు. ఆ గదిలో వదిన, ఆ మీట, ఫోనులో తన తోటికోడలి గొంతు. అంతకుమించి ఎవరూ లేరు.

"ఎవరూ చెప్పలేదండీ," అంది.

హాలు గొల్లుమంది. మేనేజరు కుర్చీలో వెనక్కి వాలాడు. జడ్జిగారి ముఖంలో కూడా ఏదో సర్దుకున్నట్టు కనిపించింది. ఆయన గుమాస్తా వైపు తిరిగి, "రాసుకో. ఎవరి ఆదేశమూ లేదు. ఉద్యోగిని సొంతంగా చేసిన పని. ఆజ్ఞకు దీనితో సంబంధం లేదు" అన్నారు. అదీ ఒక ముగింపే. ఒక మనిషి మీద వేసి ముగించేయవచ్చు. ఆ మనిషి తనే కాబట్టి వదిన కాదనలేకపోయింది. కాదనే హక్కు తనకు ఉందని కూడా ఆమెకు అనిపించలేదు.

"నేనొకటి అడగాలండీ."

తోటికోడలు. నడవ మధ్యలో నిలబడి ఉంది.

"నీ సాక్ష్యం అయిపోయిందమ్మా. కూర్చో."

"ఎవరూ చెప్పలేదట. సరే, రాసుకోండి. మా అక్క చేసింది క్షమించే పని కాదు, అది మేమూ మేమూ చూసుకుంటాం. ఛైర్మన్ వచ్చి నెత్తిన నిలబడ్డా లైను కోయని మనిషి, గదిలో ఎవరూ లేకుండా తన చేత్తో తనే మీట దించింది. అది ఎవరికి భయపడి దించిందో అడగండి. ఆ భయం ఎవరు పెట్టారో అది రాసుకోండి."

"కూర్చో అన్నాను."

ఆమె కూర్చోలేదు. జడ్జిగారు చెయ్యి ఊపారు. తలుపు దగ్గరి పోలీసు బెల్టు సర్దుకుని నడవలోకి దిగాడు. వదిన మైకు వదిలి అటు పరిగెత్తబోయి, భర్త లేచి నిలబడటం చూసి ఆగిపోయింది. ఆయన తన వైపు వస్తున్నాడో, తోటికోడలి వైపు వెళ్తున్నాడో, అసలు హాలు వదిలి పోతున్నాడో ఆమెకు అంతుపట్టలేదు.

అప్పుడు చివరి వరుసలో టప్పుమని ఒక చప్పుడైంది. సినిమా హాలు కుర్చీ, మనిషి లేవగానే దానంతట అది మడుచుకునే చప్పుడు. ముసలాయన లేచాడు. పోలీసు వెనక్కి తిరిగి చూశాడు. ఇంకో కుర్చీ టప్పుమంది. ఆ తర్వాత ఇంకొకటి.